పందిరి కొలత

గేటుకూ గుమ్మానికీ నడుమ తొమ్మిదడుగుల ఎండ.
అక్కడొక పందిరి వేయాలని
మూడు వేసవులుగా తగువు మాకు.

వెల్డింగు షాపు పెన్నోబిలేసు
ఫోనులో కమానుల బొమ్మలు చూపించాడు.
ఇనుమైతే వారం పనేనక్కా, అన్నాడు.
తాడిపత్రి మే నెలలో ఇనుము మీద
ఏ లేతతీగ వేలు పెడుతుంది?

వెదురు తెద్దామన్నాడు మా ఆయన.
ఈ ఇంట్లో మాకంటే ముందే
చెదలు పాలు పొంగించాయని మరిచినట్టుంది.

చివరికి యల్లనూరు దారిలో
ఎండిపోయిన ద్రాక్షతోట పీకేసి
అమ్ముతున్న రాతికూసాలు నాలుగు
బేరమాడకుండా కొన్నాను.
తీగ చుట్టుకున్న చోట
ఇంకా తుప్పుతీగ ముక్క ఒకటి వదల్లేదు.

ఎత్తు ఎంతమ్మా, అన్నాడు మేస్త్రీ.
ఆరున్నర చాలదా?

సరిగ్గా అప్పుడే
వంకాయలమ్మే నాగరత్తమ్మ
నెత్తిన గంపతోనే లోపలికొచ్చింది.
"కదలొద్దు నువ్వు!"
టేపు ఆమె మడమ దగ్గర తొక్కిపట్టి
గంపలో నిక్కిన సొరకాయ కొస దాకా లాగాను.
ఏడడుగుల రెండంగుళాలు.
"నన్నెందుకు కొలుస్తావు తల్లీ, పాడె కట్టేదానికా?"
నవ్వింది,
గంప అదరకుండా.

ఇంక తీగ.
ట్యాంకరు నాలుగు రోజులకోసారి.
మల్లె పేరు ఎవరమూ ఎత్తలేదు.
గిన్నెలు కడిగిన నీళ్లకే పాకుతుందని
చిక్కుడు గింజలు తనే ఇచ్చింది,
కొంగు ముడి విప్పి, ఏడు.
ఒకటి పుచ్చు.

నీడకు ఇంకా మూడు నెలలు.
అప్పటిదాకా ఆ కూసాల నడుమ
పొద్దున ఏడున్నరకు
గంపంత నీడ ఒకటి
వచ్చి, కాసేపు బేరమాడి, పోతుంది.