మూటలో ఏటున్నాది

పదకొండేళ్ళుగా చెబుతున్న పాఠమే.
అవ్వ మూట దించుకుని వాగొడ్డున కూర్చుంటుంది,
నాలుగో తరగతి గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంది.
ఎక్కడ కూర్చుంది? వాగొడ్డున.
ఏం దించుకుంది? మూట.
ఎందుకు ఆగింది? అలసట వల్ల.
గైడులో ఉన్నంత మేరా అందరికీ వచ్చు.

ఆ రోజు కరెంటు లేదు, నాకు ఓపికా లేదు.
పాత హాజరుపట్టీ కాగితాలు చింపి పంచి
"రాయొద్దు, అవ్వని బొమ్మ గీయండి" అన్నాను.

ఇరవై రెండు కాగితాల మీద
రెండేసి కొండలు, మధ్యలో సూర్యుడు,
ఒక పెంకుటిల్లు, పైన గీతల్లాంటి కాకులు.
బొమ్మ కూడా బట్టీయే.
అవ్వ ఏదీ అంటే
"ఇంట్లో తొంగున్నాది మేష్టారూ" అంది హైమ.

ఢిల్లేశు కాగితం మాత్రం ఖాళీ.
కూడబలుక్కుని చదివే పిల్లాడు,
ఒత్తు కనబడితే ఇసకలో దిగబడ్డ బండి.
"ఏరా?"
"మూటలో ఏటున్నాదండీ?"
పాఠంలో లేదురా.
"మరి ఎంత మూట గియ్యాలి?"

పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.
వేలు పెట్టి మొదట్నుంచి. మళ్ళీ. ఇంకోసారి.
ఎవరూ చెప్పకుండా ఆ గదిలో ఒకడు
చదివిందే చదవడం నేను చూడ్డం అదే మొదలు.

"నడుం పట్టుకున్నాదని ఉంది. దూది కాదు.
మా మామ్మ దూదిమూట నెత్తినెట్టుకుని
పొందూరు దాకా కబుర్లాడుకుంటా ఎలిపోద్ది."
వేలు ఇంకో రెండు వాక్యాలు పాకింది.
"చీమలు మేష్టారూ! రాయి మీద చీమలున్నాయి!
బెల్లమండీ.
కరిగిపోద్దనే వాగులో దిగనేదు."

ఆ చీమల్ని నేనెప్పుడూ చూడలేదు.
అచ్చులో పడ్డ మచ్చల్లా దాటేసి ఉంటాను.

బొమ్మ ఏమంత బాగోలేదు.
అవ్వ చేతికి ఆరు వేళ్ళు, మూట అవ్వకంటే పెద్దది.
చీమలు మాత్రం ఒకదాని వెనక ఒకటి
కాగితం అంచు దాకా వచ్చి
వెనక్కి తిప్పి చూస్తే
హాజరుపట్టీ గళ్ళలో కూడా నడుస్తున్నాయి.

సాయంత్రం శ్రీకాకుళం బస్సు
నాగావళి వంతెన మీద ఆగిపోయింది.
టిక్కెట్టు వెనక నేనూ మొదలెట్టాను.
తల, నడుం, మూట.
పాదాల దగ్గర పెన్ను ఆగింది.
అవ్వకి చెప్పులున్నాయా?

సంచీలోంచి పుస్తకం తీశాను.