ఎడమ పక్క

మురకంబట్టులో పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు.
షట్టరు సగమే లేపినాను.
అప్పటికే వచ్చి నిలబడుండాది
జపాన్ నుంచి ఓడలో దిగిన టయోటా,
తొంభై మూడో సంవత్సరం బండి.
వెనక నల్లటి పొగ.
పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ భక్తవత్సలం గారు,
ముక్కుకు తువ్వాలు.

తిరుపతిలో కొన్న కొత్త స్కానరు పట్టుకుని
ఇలియాస్ స్టీరింగు కింద తల దూర్చినాడు,
పదహారు పిన్నుల సాకెట్టు కోసం.
కాళ్లు రెండే బయట.
"అక్కా, ఈడేమీ లేదక్కా.
ఈ బండికి నోరే పెట్టలేదు వాళ్లు."

నోరుంది.
యాడుందో చెప్పడానికి దొరసామి అన్న లేడు.

ఆయన పుస్తకం ఉంది.
రేషను అంగడి లెక్కల పుస్తకం,
సగం తెలుగు, సగం అరవం, మిగతాది గ్రీజు.
హోండా: ముందు సీటు కాళ్ల దగ్గర, చాప ఎత్తి పైకి చూడు,
రెండే పిన్నులు, నీలం.
బెంజి: బానెట్ కింద గుండ్రటి డబ్బా,
మరచెంబు మూత మాదిరి తిప్పాల.
నిస్సాన్: ఫ్యూజుల పక్కనే, బూడిద రంగు,
వెతికేవాణ్ణి చూసి నవ్వతా ఉంటాది.
కుప్పం క్వారీ వోల్వో: అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసి,
డ్రైవర్ని అడుగు,
వాడు దానిమీదే టిఫిన్ క్యారేజీ పెట్టింటాడు.

టయోటా: ఎడమ పక్క. మూత ఉంటాది.

అంతే.

ఎడమ పక్కంతా వెతికినాం.
రిలే డబ్బా విప్పినాం, గ్లవ్ బాక్సు ఊడదీసినాం.
ఎలుక దాచుకున్న చెనక్కాయ తొక్కలు,
పలమనేరు పెట్రోలు బంకు చీటీ,
ఒంటి చెవి కమ్మ.
కమ్మను భక్తవత్సలం గారు
ఎవరిదని అడగకుండా జేబులో వేసుకున్నారు.

పన్నెండు దాటింది. బానెట్ మీద చెయ్యి పెట్టలేం.
అప్పుడు గుర్తొచ్చింది:
ముప్పై ఏండ్లు బండ్లు బాగుచేసిన మనిషికి
బండి తోలడం రాదు.
ఒక్కనాడూ స్టీరింగు ముందర కూర్చోలేదు.
ఎప్పుడూ ఎదురుగానే,
బంపరుకు మోకాళ్లు ఆనించి,
లుంగీ ఎగ్గట్టి, లోపలికి వంగి.

పోయి అట్లా నిలబడినాను.
ఎడమ చెయ్యి దానంతటదే పోయింది
బ్యాటరీ వెనక్కి.
మట్టి గడ్డకట్టిన చిన్న డబ్బా.
గోరుతో గీకితే మూత మీద
ఇంగ్లీషు అక్షరాలు తేలినాయి.
ఆయన వాటిని చదవలేడు. తడిమేవాడు.

కొప్పులో పిన్ను తీసి, పూత గీకి,
రెండు రంధ్రాలు కలిపినాను.
"తాళం తిప్పరా. స్టార్ట్ చెయ్యద్దు."

మీటర్ల మధ్య దీపం
రెండుసార్లు వెలిగింది.
ఊపిరి తీసుకున్నట్టు ఆగింది.
మళ్లీ రెండుసార్లు.
ఇలియాస్ వేళ్లు ముడిచి లెక్కపెట్టినాడు.
ఇరవై రెండు. నీళ్ల వేడి చెప్పే సెన్సారు.
చిత్తూరు ఎండలో నిలబడి
చలి చలి అని వణకతా ఉండాది ఇన్నాళ్లూ.
ఇంజను పాపం, నమ్మి
పెట్రోలు తాపిస్తా ఉండాది.

సాయంత్రం పుస్తకం తెరిచినాను.
"ఎడమ కొట్టేసి కుడి అని రాయక్కా,
డ్రైవరు సీటు లెక్కన. తరవాతోళ్లకి సులువు."
వాడు చెప్పింది నిజమే.

కొట్టెయ్యలేదు.
ఆ మాట కింద బండి బొమ్మ గీసి,
బంపరు ముందర
రెండు పాదాలు గీసినాను,
టైరు చెప్పులతో.