మూడు పేజీల తూనీగ

ముడసర్లోవ గట్టు మీద పొద్దున్న ఏడున్నర.
ప్యాంటు మడిచి తుంగలోకి దిగి
గంట నించీ చూస్తున్నాను.
ఎర్రవి, పెద్దవి, తిరుగుతున్నాయి
చెరువు మొత్తం వాటి పేర రిజిస్టరైనట్టు.
నాక్కావలసింది చిన్నది,
చిటికెన వేలి రెండు కణుపులంత.

పంపుహౌసు దాలయ్య బీడీ ఆర్పి అన్నాడు:
"నీటికాడ ఎతుకుతావేటి బాబూ?
అదిగో, నీ బండికాడ కూకుంది."

నిజమే. స్టాండు పక్కన, కంకర మీద,
నీళ్ళకి వీపు పెట్టి,
రెక్కలు ముందుకు వాల్చుకుని.

ఒక అడుగు వేశాను. లేచింది.
మోకాలెత్తు కూడా ఎగరలేదు,
రెండు గజాలు పోయి మళ్ళీ నేల మీదే.
ఇంకో అడుగు. మళ్ళీ అంతే.
బాకీ ఉన్నవాడు ఎదురుపడి
తొందర కనబడనీకుండా
పక్క సందులోకి తిరిగినట్టు.

నా నోటుబుక్కులో మూడు పేజీలున్నాయి.
జూన్: నిమ్మతొక్క రంగు, వీపున నల్లగీతలు.
ఆగస్టు, మర్రిపాలెం రైల్వే క్వార్టర్ల గోడ కింద:
అదే కొలత, సగం బూడిద.
సెప్టెంబరు చివర: నీలం, గీతల్లేవు.
మూడు జాతులని రాసి కింద గీత కూడా గీశాను.

"పోర్టు దుమ్ము పడుంటుంది, తుడిచి చూడండి"
అంది సుభాషిణి, నీలందాని ఫొటో చూసి.
బాల్కనీలో ఆరేసిన దుప్పట్లని
రోజూ రెండుసార్లు దులిపే మనిషి మరి.

దుమ్ము కాదు, వయసు.
ద్రాక్షపండు మీద తెల్లపూతలా
లోపల్నించే ఊరి, గీతల్ని కప్పేసే పొడి.
నాకు తెలియకుండా నేనే రాసుకున్నాను
మూడు పేజీల్లోనూ, చివరి వరసలో:
తోక కొసన తెలుపు, బియ్యపు నూకంత.

ఎండెక్కింది.
తోక నిటారుగా పైకెత్తింది
ఒంటి మీద ఎండ తగ్గించుకోడానికి.
దోమలాంటిదేదో దాటబోయింది.
చటుక్కున లేచి, పట్టి,
అదే రాయి మీదికొచ్చి నములుతోంది.

"పేరేటి?" అన్నాడు దాలయ్య.
పుస్తకంలో ఉన్న పొడుగాటి పేరు చెప్పాను.
ఒకసారి పలకబోయి దగ్గాడు.
"మేం కూకుడుగాడంటాం."
ముందునించీ ఉన్న పేరో
అప్పుడే పెట్టాడో నేనడగలేదు.

రెండు పేజీలు కొట్టేశాను.
ఉన్న ఒక్క పేజీలో కూకుడుగాడని రాసి
పెన్ను జేబులో పెట్టి చూస్తే
ముందు చక్రం కిందికి చేరింది, నీడలోకి.
ఆఫీసు పదింటికి.
దాలయ్య ఇంకో బీడీ వెలిగించాడు.