గుడారం కింద రాయి

డెబార్క్‌లో కంచరగాడిదల మీద మూటలు బిగించేసరికే
ఎండ మోకాలెత్తు లేచింది.
నలుగురు అతిథులు.
మణికట్ల మీద ఎత్తు చెప్పే గడియారాలు.
మూడువేల రెండువందలు, అంటాడు పొడుగాయన.
అవునంటాను.
నా లెక్క వేరు.
గాడిదలు తోలే అడుగ్న ఈల ఆపితే మూడువేల ఐదువందలు,
తిట్లు కూడా ఆపేస్తే నాలుగువేలు.

కాపలాకు యెషంబెల్.
అతని తుపాకీ అతనికంటే వయసులో పెద్దది.
ఉన్నవి మూడు తూటాలు,
అందులో ఒకటి దానికి పట్టదు.
"దేన్ని కాలుస్తారు?" అడిగింది
మోకాలికి పట్టీ కట్టుకున్న పెద్దావిడ.
అతనికి అర్థమయ్యేలా చెప్పాను.
యెషంబెల్ ఒక మలుపు పొడవునా ఆలోచించి
"ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

వాలు మీద గడ్డి మేసే కోతులు,
రొమ్ముల మీద ఎర్రటి మచ్చ,
కూర్చున్నచోటు నుంచే జరుగుతూ, రెండు చేతులా పీకుతూ
కలుపు తీసే కూలీల వరసలా.
అతిథులు ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకున్నారు.
వీటి మీద రాళ్ళు విసరడానికే
మా నాన్న నన్ను రెండేళ్ళు బడి మాన్పించాడు,
బార్లీ చేను పోతోందని.
ఇప్పుడు వీటిని చూపించి జీతం పుచ్చుకుంటున్నాను.
ముసలిదొకటి నన్ను చూసి పళ్ళు బయటపెట్టింది.
మరిచిపోలేదు.

మధ్యాహ్నం దాటాక
మబ్బు లోయలోంచి పైకి ఎక్కొచ్చింది,
దానికీ ఎవరో దారి చూపిస్తున్నట్టు.

"శిబిరం ఇదే" అన్నాను.
చదునైన నేల. గాలి తగలదు. పక్కనే ఊట.
ఇంత మంచి చోటు ఎవరు ఎంచారు, మెచ్చుకున్నాడు పొడుగాయన.
మా ముత్తాత, అనలేదు.
"ఆఫీసువాళ్ళు" అన్నాను.

కొండను జంతువులకు వదలాలని కాగితం వచ్చి తొమ్మిదేళ్ళు.
ఇళ్ళు విప్పుకుని వాసాలు కిందికి దించాం.
మోసినవి అడుగ్న గాడిదలే.
అందుకే ఇక్కడ ఏ మేకు ఎక్కడ దిగుతుందో, ఎక్కడ దిగదో
నన్నడగండి.
మేకల కొట్టం మెత్తన, అది పొడుగాయనకు.
పెద్దావిడ తన చోటు తనే చూసుకుంది,
తిన్నగా వెళ్ళి, మా పొయ్యి పక్కన.

రాత్రి అస్నకెచ్ కాఫీ గింజలు వేయించింది.
మొదటి వాయ, రెండో వాయ.
నిద్ర పట్టదని అతిథులు లేచిపోయారు.
మూడోది దీవెన అంటారు మా వాళ్ళు;
అది మేం నలుగురమే తాగాం,
మాట్లాడుకోకుండా,
ఎవరి గడప ఉన్నవైపు వాళ్ళు తిరిగి.

తెల్లారి గడ్డి తెల్లగా గడ్డకట్టింది.
పెద్దావిడ నడుం పట్టుకుని బయటికొచ్చింది.
"రాత్రంతా కింద ఏదో రాయి.
ముందు తిట్టుకున్నాను.
తర్వాత చూస్తే మధ్యలో పల్లం,
నా నడుం సరిగ్గా అందులో పట్టింది."

గుడారం ఎత్తి చూశాం.
సన్నికల్లు.
మోయలేక వదిలేసింది.
పొత్రం అక్క దగ్గరుంది, డెబార్క్‌లో,
గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతుంది.

అస్నకెచ్ వంగి, పల్లంలో మట్టి
కొంగుతో తుడిచింది.
"ఏమిటిది?" పెద్దావిడ.
వాళ్ళ భాషలోనూ దీనికో పేరు ఉండే ఉంటుంది.
"రాయి" అన్నాను.
ఆమె నా మొహం చూసింది. ఇంకేం అడగలేదు.

ఆఫీసు కాగితం నింపాలి.
శిబిరం స్థితి, చేయవలసిన మరమ్మతులు.
రాశాను:
నేల చదునుగా ఉంది.
తీయవలసిన రాళ్ళు లేవు.

చాలా దూరం ఎవరం మాట్లాడలేదు.
రెండో వాగు దగ్గర అడుగ్న
వెనక గాడిదను దాని తల్లితో సహా తిట్టాడు.
దిగుతున్నాం అన్నమాట.