మోకాలి ఎత్తు గడి

ఇప్పలచెల్క గడి కొలతలు ఏ కాగితంలోనూ లేవు.
మిగిలింది ఒక మొండిగోడ, సగం దర్వాజ.
డ్రోను మూడుసార్లు తిరిగి
తుమ్మకంపనే కొలుచుకొచ్చింది.

అందుకే ఈదమ్మ ముందర కూర్చున్న,
ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని.
"గోడ ఎంతెత్తుండె అమ్మా? రంగేంది?
మీది మాలెకు కిటికీలెన్ని?"

తమలపాకు ఈనె తీసుకుంట నవ్వింది.
"గోడ సంగతి నన్నడుగుతవేంది బిడ్డా,
తలకాయ లేపితె గద ఎత్తు తెలిసేది.
బండలడుగు, చెప్త."

చెప్పింది.
వాకిట్ల నలభై రెండు బండలు.
వంటసాల కాడ పదకొండోది నెర్రెబారింది.
పగటీలి కడగబోతె అరికాళ్లు బొబ్బలు.
గడప పక్క రోటిగుంతల
వాననీళ్లు తాగ వచ్చే పిచ్చుక.
మరి దొర?
"కిర్రుచెప్పులు. ఎడమది జర ఒరిగి అరిగేది.
దొరసానియి వెండి కడాలు.
మొఖాలు నాకెర్క లేదు."

నల్లగొండలో, రేకుల కప్పు కింద అద్దెగదిలో
నలభై రాత్రులు ఆ నేలనే గీసిన.
ఒక్కో బండకు ఒక్కో అరుగుదల.
మోకాళ్ల మీద ఏమీ గీయలేదు.
చూపు అంతకంటే పైకి లేవకుండ
కోడు రాసి కట్టేసిన.

బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు
కండ్లకు డబ్బాలు తగిలించుకున్నరు.
"మేడం, గిది ఖరాబైంది.
ఎంత లేపినా మీదికి కనపడ్తలేదు."
"కాలేదు. జర ఓపిక పట్టుండ్రి."
ఉజ్వల ఒక్కతే ఏమనలేదు,
మెడ వెనక చెయ్యి పెట్టి నిమురుకున్నది.

ఏడో నిమిషంలో జనం వస్తరు.
ముందుగాల కాళ్లు.
చెప్పుల్లేనివి, బురదవి, ఆనెలు కాసినవి,
బండలు కనపడనన్ని కాళ్లు.
అప్పుకాగితాలు వాకిట్ల కుప్ప పడ్తయి.
ఎవరిదో చెయ్యి, ఒక కందిలి.
మంట అంటుకోంగనే
కట్టిన చూపును విప్పేస్త.

అందరు ఒక్కపారే తలలెత్తిన్రు.
"గింతేనా?" అన్నడొక పిలగాడు.

గింతే. పొగచూరిన దూలాలు, ఒక పిచ్చుక గూడు.
ఆ రోజు తొలిసారి మీదికి చూసి
ఈదమ్మ కూడా అదే మాటన్నదట.
బంగారమన్న ఉంటదనుకున్నదట, ఏనుగులన్న.

ఆఖరుకు ఆమెకే తొడిగిన,
తెల్ల వెంట్రుకలు పట్టీలో చిక్కకుండ.
జనమొచ్చిన్రు. మంటొచ్చింది. చూపు విప్పిన.
ఆమె తల లేపలేదు.
కుర్చీలోంచి వంగి, ఉత్త గాలిలో
పదకొండో బండ నెర్రె తడుముతున్నది.

"నా చింతగింజలేవి?
ఏడు దాచిన. ఆ గడబిడల తీసుకోనేలేదు."

నాకు చెప్పలేదు గదమ్మా అన్న.
"నువ్వడిగితివా?"

ఆ రాత్రి ఏడు గింజలు చేసిన,
ఒకటి కొస విరిగింది, కడమవి నిగనిగలాడేవి.
నెర్రెలో పెట్టిన.

నాలుగు బడులు తిరిగొచ్చింది గడి.
ఇంకా ఎవరికీ దొరకలేదు.
చూపు విప్పంగనే
అందరు మీదికే చూస్తరు.