గుణుపురం, మట్టి పరీక్షల గది

పోడు మట్టిని సీసాలో వేసి, నీళ్ళు పోసి, గట్టిగా ఊపి
కిటికీలో పెట్టాను.
ఇసక ముందే దిగిపోతుంది.
బంకమట్టికి మాత్రం రాత్రంతా కావాలి.

బీరువా అడుగున కూర్మినాయుడు గారి నోటుబుక్కు,
ఎడింబరోలో చదివిన నాటిది.
టర్నిప్ దుంప బొమ్మ, వేరు వేరుకీ ఒక అంకె.
పక్కన పంట మార్పిడి: ఓట్లు, టర్నిప్, బార్లీ, గడ్డి.
"ఓట్లు పండుతాయా సార్?" అని పిల్లలు ఒకటే నవ్వు.
అంచున తెలుగులో సన్నగా:
ఇక్కడ రోజూ వానే. ఎవరూ మొహం ఎత్తి చూడరు.

తిరిగొచ్చాక రాత మారింది, సిరా కూడా.
"పోడు తప్పని చెప్పడానికి కొండెక్కాను.
సవర సుంబారి ఒక్క చెక్కలోనే
చోళ్ళు, సామలు, కంది, ఇంకేవో కలిపి చల్లింది.
పదకొండు, లెక్కపెట్టుకో అంది.
తొమ్మిది దగ్గర ఆగిపోయాను."

కింద తొమ్మిది పేర్లు.
రెండు ఖాళీ గీతలు.
ఆ తరవాత పేజీల్లో ఎక్కడా
టర్నిప్ మాట లేదు.

ఇవాళ మొదటి సంవత్సరం పిల్ల ఒకతె,
కొండ మీది నుంచి వచ్చేది,
పెన్సిలుతో ఒక గీత నింపింది.
రెండోది?
"అమ్మనడగాలి సార్, శనివారం."

సీసాలో నీళ్ళు
ఇంకా తేటబడలేదు.