మార్చి మూడు, దిదూబె బస్టాండు

తెల్లారి ఆరున్నరకి
నా మినీబస్సు వెనక తలుపు తీస్తే
అమ్మల పండగ వాసన:
సెంటు, కొత్త దుప్పటి, సెల్లోఫేను,
ఎవడో పరుగున కొన్న చాక్లెట్ల డబ్బా.

తబిలీసి నుంచి జుగ్దీదికి ఆరు గంటలు.
పొట్లానికి ఐదు లరీలు.
ఈ ఒక్కరోజు మూడే పుచ్చుకుంటాను.

పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాను కదా,
చేత్తో ఎత్తి చూసి చెప్పగలను
ఏది బీరువాలోకి పోతుందో, ఏది వంటింట్లోకో.
నోదారి గారబ్బాయి ఏటా పంపేది బీపీ మిషనే.
ఆవిడ దగ్గర ఇప్పటికి నాలుగున్నాయి,
నాలుగూ నాలుగు అంకెలు చెబుతాయట.
"నా పిల్లల్లాగే" అంటుంది.

పోయినేడు ఒక కుర్రాడు
చేతులనిండా మిమోసా కొమ్మలు తెచ్చాడు, పచ్చగా పసుపుముద్దల్లా.
"బాబూ, ఇవి పూసేదే అటువైపు,
నిన్న నా బండిలోనే వచ్చాయి" అన్నాను.
వినలేదు.
చెరువుకు నీళ్ళు మోసినట్టు మోశాను
రెండుసార్లు కొండ దాటిన పూలని.
వాళ్ళమ్మ ఏడ్చింది, చెప్పొద్దూ.
నాకేం తెలుసని!

ఈసారి లామ్జీరా వచ్చింది,
బేకరీలో రాత్రి డ్యూటీ దిగి, కనురెప్పల మీద పిండితో.
అరచేతిలో పట్టేంత పొట్లం.
"గుచ్చుకుంటుంది, జాగ్రత్త."
విప్పి చూపించింది.
పాత టోపీలోంచి కత్తిరించిన ఉన్నిముక్క,
దానికి నలభై సూదులు,
ప్రతి సూదికీ దారం ఎక్కించి ఉంది.
నల్లవి ఎక్కువ. తెల్లవి కొన్ని. ఎర్రది ఒక్కటి.

"కుట్టడం వచ్చు, సూది బెజ్జమే కనపడదు."
"చెప్పిందా?"
"అమ్మా? చెప్పడమా?
బడి ఎన్నింటికి వదులుతారని ఫోన్లో అడిగింది.
మా ఇంట్లో బడికెళ్ళే పిల్లలెవరూ లేరు."

వెనక పెట్టలేదు దాన్ని.
స్టీరింగు పక్కన, మేరీమాత బొమ్మ కింద పెట్టాను.
సురామిలో తీపిరొట్టెకి కూడా ఆగలేదు.
రికోతి సొరంగంలో చీకటి మొదలయ్యాక
మా అమ్మ గుర్తొచ్చింది.
నేను ఆవిడకి కొన్నవి రెండే, ఒక గడియారం, ఒక శాలువా.
ఆవిడ ఏదో అడుగుతుండేది, మాటిమాటికీ,
ఏదో చిన్నది.
సొరంగం అయిపోయింది కానీ
అదేమిటో గుర్తుకు రాలేదు.

గేటు దగ్గర గుగూలి సూదులు లెక్కపెట్టింది,
పెదవులు కదుపుతూ, నలభై దాకా.
థాంక్స్ అనలేదు. కూతురెలా ఉందనలేదు.
నా కోటు వంక చూసి
"విప్పు" అంది.
వేలాడుతున్న బొత్తాం అక్కడే, నిలబడే కుట్టింది.
బండిలో జనం హారను మోగిస్తున్నారు.
పళ్ళతో దారం తెంపి, "ముప్పైతొమ్మిది" అంది.

జూన్‌లో ఉన్నిముక్క తిరుగుప్రయాణం కట్టింది,
సంచిడు అక్రోట్లతో, నలభై బోడి సూదులతో.
"నింపి పంపమను."
దానికి మాత్రం డబ్బు తీసుకోను.
బరువేముంది, సూదులేగా, అంటాను.